ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 162 వచ్చింది. మాంసం బదులు పప్పు, మీల్ మేకర్ తింటే దిగుతుందా?

మియాపూర్ మెట్రో | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి పోయేవాణ్ణే, రాయడం ఇదే మొదటిసారి. వయసు 43, ఐటీ ఉద్యోగం, బరువు 81 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. ఆఫీసులో ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో టోటల్ కొలెస్ట్రాల్ 240, ఎల్‌డీఎల్ 162, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు) 210 వచ్చాయి. షుగర్, బీపీ మామూలే. సిగరెట్ అలవాటు లేదు. డాక్టరు గారు మూడు నెలలు తిండి, నడక చూసుకుని మళ్ళీ రమ్మన్నారు. అప్పటికీ దిగకపోతే టాబ్లెట్ తప్పదన్నారు.

వారంలో నాలుగు రోజులు చికెన్, ఆదివారం మటన్, రోజూ రెండు గుడ్లు. మా బావమరిది "మాంసం మొత్తం మానేసి ప్లాంట్ ప్రొటీన్ పౌడర్ తాగు బావా, కొలెస్ట్రాల్ సగానికి పడిపోతుంది" అంటున్నాడు. అనడమే కాదు, డబ్బా ఆర్డర్ పెట్టేశాడు కూడా. మా ఆవిడేమో "పప్పన్నం తినేవాళ్ళకి రావట్లేదా కొలెస్ట్రాల్?" అంటోంది. ఎవరి మాట వినాలి?

వంటింటి పిన్ని | ఆదివారం, రాత్రి 9:30

మీ ఆవిడ మాట వినండి నాయనా. ఇందులోనే కాదు, దేనిలోనైనా.

పొట్టేలు పార్టీ | ఆదివారం, రాత్రి 10:05

అన్నా, మా తాత 88 ఏళ్ళు బతికాడు. వారం వారం మటన్ తిన్నాడు. ఈ కొలెస్ట్రాల్ గోలంతా మందుల కంపెనీల మాయ. ఆదివారం ముక్క మానకు.

ఫార్మకాలజీ మాష్టారు | సోమవారం, ఉదయం 6:20

పొట్టేలు గారూ, మీ తాతగారు రోజుకెన్ని మైళ్ళు నడిచేవారో, ఆదివారం ఆ ఇంట్లో మనిషికెన్ని ముక్కలు వచ్చేవో కూడా చెప్పండి. కిలో మాంసం పదిమంది తినే రోజుల్లో చారెడు పులుసే ఎక్కువ. ఇప్పుడు నలుగురికి కిలోన్నర.

మెట్రో గారూ, "సగానికి పడిపోతుంది" అన్న మాట మరచిపోండి. మాంసకృత్తులు మొక్కల నుంచి తీసుకుంటే ఎల్‌డీఎల్ తగ్గే మాట నిజమే కానీ ఆ తగ్గుదల చిన్నది. ఈ వాదన పుట్టుకే గమ్మత్తుగా ఉంటుంది. 1908లో రష్యాలో ఇగ్నటావ్‌స్కీ అనే ఆయన కుందేళ్ళకు మాంసం, పాలు, గుడ్లు పెడితే వాటి రక్తనాళాలు పాడయ్యాయి. తప్పు జంతువుల ప్రొటీన్‌దే అనుకున్నాడు. 1913లో అనిచ్‌కోవ్ అనే ఇంకో ఆయన కుందేళ్ళకే నూనెలో కలిపిన ఒట్టి కొలెస్ట్రాల్ పెట్టి అదే జబ్బు తెప్పించాడు. దాంతో అందరి చూపూ కొలెస్ట్రాల్ మీదికి మళ్ళింది, ప్రొటీన్ సంగతి పక్కకు పోయింది. గడ్డి తినే కుందేలుకు మాంసం పెట్టి మనిషి సంగతి తేల్చడమేమిటన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మనుషుల మీద పెద్ద కదలిక సోయాతో వచ్చింది. 1995లో ఆండర్సన్ బృందం 38 ప్రయోగాలను కలిపి లెక్క కట్టింది. రోజుకు సగటున 47 గ్రాముల సోయా ప్రొటీన్‌తో ఎల్‌డీఎల్ దాదాపు 13 శాతం తగ్గిందని తేల్చారు. దాన్ని పట్టుకుని 1999లో అమెరికా ఎఫ్‌డీఏ (ఆహారం, మందుల నియంత్రణ సంస్థ), రోజుకు 25 గ్రాముల సోయా ప్రొటీన్ గుండెకు మేలు చేయవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. తర్వాత ప్రయోగాలు పెరిగేకొద్దీ ఆ 13 కరిగిపోతూ వచ్చింది. 2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అది 3 శాతం దగ్గరే ఉందని చెప్పింది. 2017లో ఎఫ్‌డీఏ తానిచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంటానని ప్రతిపాదించింది. 2019లో 46 ప్రయోగాల్ని కలిపి చూసినా 3, 4 శాతం మధ్యే తేలింది. మీ 162లో అది ఐదారు పాయింట్లు. బావమరిది గారి లెక్క ప్రకారం 81కి రావాలి.

మియాపూర్ మెట్రో | సోమవారం, ఉదయం 8:45

ఐదారు పాయింట్ల కోసం బిర్యానీ వదులుకోవాలా మాష్టారూ?

టొరంటో తెలుగోడు | సోమవారం, ఉదయం 10:10 (మాకు రాత్రి)

ఒక్కదాన్నే చూస్తే ఐదారే అన్నా. కలిపి చూడాలి. మా ఊళ్ళో యూనివర్సిటీలో డేవిడ్ జెంకిన్స్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. గ్లైసీమిక్ ఇండెక్స్ (ఏ తిండి రక్తంలో షుగర్‌ని ఎంత పెంచుతుందో చెప్పే కొలత) అనే మాట వింటుంటాం కదా, 1981లో దాన్ని తెచ్చింది ఆయన బృందమే. ఆయనే సోయా ప్రొటీన్, జిగురు పీచు, బాదం, మొక్కల స్టెరాల్స్ (కొలెస్ట్రాల్‌ని పోలిన పదార్థాలు) ఈ నాలుగూ కలిపి ఒక భోజనం తయారుచేశారు. 2003లో 46 మంది మీద నెల రోజులు పరీక్షించారు. ఆ భోజనం తిన్నవాళ్ళకి ఎల్‌డీఎల్ సుమారు 29 శాతం తగ్గింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన లోవాస్టాటిన్ 20 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నవాళ్ళకి 31 శాతం. దాదాపు సరిసమానం!

ఆ జిగురు పీచు కోసం వాళ్ళు వాడిన కూరగాయలేంటో తెలుసా? బెండకాయ, వంకాయ. చదివినప్పుడు నవ్వొచ్చింది. అమ్మ పెడితే వద్దని కంచంలో పక్కకి నెట్టిన బెండకాయని ఇక్కడ డాలర్లు పోసి కొంటున్నాను.

ఫార్మకాలజీ మాష్టారు | సోమవారం, ఉదయం 11:02

మంచి సంగతి తెచ్చారు. దాని రెండో భాగం కూడా చెప్పాలి. 2003లో భోజనం వాళ్ళే వండి చేతికిచ్చారు. 2011లో అదే భోజనాన్ని ఆరు నెలలు "మీరే ఇంట్లో చేసుకోండి" అని సలహాగా ఇస్తే తగ్గింది 13, 14 శాతమే. చేతికిస్తే 29, చెప్పి వదిలేస్తే 13. మనిషి నాలుక ఎలాంటిదో ఇంతకంటే బాగా చెప్పే పరిశోధన నేను చూడలేదు. అయినా 13 శాతం చిన్నదేం కాదు.

సంకటి ముద్ద | సోమవారం, మధ్యాహ్నం 1:30

మాది కడప వైపు. ఒక డౌటు. పప్పు తింటే కొలెస్ట్రాల్ ఎందుకు తగ్గుతుంది? పప్పు పోయి దాన్ని కడుగుతుందా ఏమన్నానా?

ఫార్మకాలజీ మాష్టారు | సోమవారం, మధ్యాహ్నం 3:15

కడగడం అనుకున్నా తప్పులేదు, కానీ కడిగేది పేగుల్లో. లివర్ తన దగ్గరున్న కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారుచేసి పేగులోకి వదులుతుంది. కొవ్వు అరిగాక అందులో ఎక్కువ భాగం మళ్ళీ లివర్‌కే చేరుతుంది. పప్పుల్లో, ఓట్స్‌లో, బెండకాయలో ఉండే కరిగే పీచు (టొరంటో గారు చెప్పిన జిగురు పీచు ఇదే) ఆ రసంలో కొంత పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. లోటు పూడ్చుకోవడానికి లివర్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. రక్తంలో తగ్గేది అలాగ.

రెండోది సంతృప్త కొవ్వు, అంటే మాంసం, నెయ్యి, మీగడల్లో ఎక్కువగా ఉండే కొవ్వు. అది ఎక్కువైతే ఎల్‌డీఎల్‌ని లాక్కునే రిసెప్టర్లు లివర్ మీద తగ్గిపోతాయి. మటన్ బదులు సెనగలు తింటే ఆ కొవ్వు లోపలికి రాదు. గింజల్లో కొద్దిగా ఉండే స్టెరాల్స్ పేగులో కొలెస్ట్రాల్ చోటు ఆక్రమిస్తాయి. సోయాలోని ఒక రకం ప్రొటీన్ నేరుగా లివర్ రిసెప్టర్ల మీద పనిచేస్తుందన్న ఆధారాలూ ఉన్నాయి, అది చిన్న పాత్ర.

అందుకే పౌడర్ డబ్బా మీద నాకు మోజు లేదు. పప్పు నుంచి ప్రొటీన్ ఒక్కటీ విడగొట్టి డబ్బాలో పోస్తే పీచు దాదాపుగా పోయినట్టే. అసలు పనిమంతుణ్ణి ఇంటి దగ్గర వదిలేసి పెళ్ళికి వెళ్ళినట్టు.

పొట్టేలు పార్టీ | సోమవారం, రాత్రి 8:40

సరే, మటన్ మానేస్తా. చికెన్‌కి ఏం రోగం? స్కిన్ తీసేసి తింటే కొవ్వే లేదు కదా.

టొరంటో తెలుగోడు | మంగళవారం, ఉదయం 7:55

నేనూ అలాగే అనుకున్నా. 2019లో కాలిఫోర్నియాలో రోనాల్డ్ క్రౌస్ బృందం రెడ్ మీట్, కోడి మాంసం, మొక్కల ప్రొటీన్ మూడింటినీ మార్చి మార్చి పెట్టి చూసింది. సంతృప్త కొవ్వు సమానంగా ఉంచినా కూడా మటన్ లాంటిదానికీ చికెన్‌కీ ఎల్‌డీఎల్ ఇంచుమించు ఒకేలా ఉంది. మొక్కల ప్రొటీన్ తిన్నప్పుడే రెండింటికన్నా తగ్గింది. అలాగని చికెన్ విషం కాదు. తేడా ఎక్కువగా పెద్ద సైజు ఎల్‌డీఎల్ కణాల్లో కనిపించింది, వాటి ప్రమాదం చిన్న కణాలంత కాకపోవచ్చని వాళ్ళే అన్నారు.

పెసరట్టు ప్రియ | మంగళవారం, ఉదయం 9:20

మా సంగతి వినండి. మేము పుట్టు శాకాహారులం. గుడ్డు కూడా ఇంట్లోకి రాదు. నాకు 39 ఏళ్ళు, ఎల్‌డీఎల్ 196. మా నాన్నగారికి 47లోనే గుండెపోటు వచ్చింది. రోజూ పప్పు తింటాం. మరి మాకెందుకు తగ్గలేదు? ఈ మొక్కల ప్రొటీన్ కబుర్లు వింటే ఒళ్ళు మండుతోంది.

ఫార్మకాలజీ మాష్టారు | మంగళవారం, ఉదయం 9:50

అమ్మా, మీరు ఈ చర్చ చదవడం ఆపి ముందు డాక్టర్ని కలవండి. ఎల్‌డీఎల్ 190 దాటి, తండ్రికి చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిందంటే అది వంశపారంపర్యం కావచ్చు. అలాంటివాళ్ళకి పప్పుతో పని జరగదు, మందు కావాలి. మీ తోబుట్టువులకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించండి. థైరాయిడ్ కూడా చూపించండి. అది మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

వంటింటి పిన్ని | మంగళవారం, ఉదయం 11:15

ప్రియమ్మా, మాష్టారు చెప్పినట్టు ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆ తర్వాత ఒక మాట, తప్పుగా అనుకోకు. నాదీ శాకాహారమే కాబట్టి అంటున్నా. రోజూ పప్పు తింటాం అంటాం. నలుగురికి ఎంత పప్పు పోస్తాం? టీ గ్లాసుడు. అంటే వంద గ్రాములు, తలకు పాతిక. పప్పుచారు చేసిన రోజు అందులో సగం. పైన రెండు చెంచాల నెయ్యి. సాయంత్రం పునుగులో బజ్జీలో, ఆదివారం జీడిపప్పు, మీగడ పోసిన కూర. మాంసం లేకపోయినా మనం కొవ్వుకి ఏం లోటు చేశాం? నా రిపోర్టు చూశాకే నాకీ జ్ఞానం కలిగింది.

తార్నాక పాత కాపు | మంగళవారం, సాయంత్రం 5:40

పిన్నిగారి లెక్క వంద శాతం కరెక్ట్. మా ఇల్లు జాతీయ పోషకాహార సంస్థకి నాలుగడుగుల దూరంలో ఉంటుంది, ఆ పుణ్యాన వాళ్ళ పట్టికలు చదివే పిచ్చి పట్టింది. వంద గ్రాముల కందిపప్పులో ప్రొటీన్ 22 గ్రాములు, పెసరపప్పులో 24, వేరుశెనగలో 24 దాకా. తలకు పాతిక గ్రాముల కందిపప్పు అంటే ఐదున్నర గ్రాముల ప్రొటీన్. ఆ పూట తిన్న వంద గ్రాముల బియ్యంలోనే ఎనిమిది ఉంటుంది! మనం పప్పన్నం అంటున్నాం కానీ తినేది అన్నం, పప్పు వాసన.

ఆ సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల పళ్ళేనికి పప్పులు లేదా గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400, ధాన్యాలు 250 అని ఉంది. మన ఇళ్ళలో ధాన్యం అంతకు రెట్టింపు, పప్పు మూడో వంతు. టొరంటో వాళ్ళదే 2014లో ఇంకో లెక్క ఉంది, 26 ప్రయోగాలు కలిపి చేసింది. రోజుకు సుమారు 130 గ్రాముల ఉడికిన పప్పు గింజలు తింటే ఎల్‌డీఎల్ 5 శాతం తగ్గింది. 130 గ్రాములు ఉడికినవంటే గుగ్గిళ్ళు గట్టిగా ఒక కప్పు. పలచటి పప్పయితే రెండు మూడు కప్పులు తాగాలి.

ఇంకో సంగతి. మెట్రో గారి ట్రైగ్లిజరైడ్స్ 210, హెచ్‌డీఎల్ 36 చూడండి. మన దగ్గర ఎక్కువమందిలో కనిపించే జోడీ ఇది. దానికి చికెన్ కంటే తెల్లన్నం, తీపి, కూల్ డ్రింకులే కారణం. మాంసం తీసేసి ఆ ఖాళీలో ఇంకో రెండు గరిటెల అన్నం వేసుకుంటే ఎల్‌డీఎల్ కాస్త దిగినా ఇవి పైకి పోతాయి. దేని బదులు ఏం తింటున్నామన్నదే చూసుకోవాలి. వీకెండ్ బీరు సంగతి ఆయన రాయలేదు, నేను అడగను.

మియాపూర్ మెట్రో | మంగళవారం, రాత్రి 9:05

అడగకుండానే అడిగారు. శనివారం రెండు. ఒక్కోసారి మూడు. మా ఆవిడ ఈ థ్రెడ్ చదువుతోంది, ఇంతటితో వదిలేయండి.

కృష్ణాతీరం | బుధవారం, ఉదయం 7:10

ఇంతమంది ఇన్ని చెప్పారు, ఉలవచారు మాట ఒక్కరూ ఎత్తలేదు! ఉలవల కంటే బలం ఏముంది? గిత్తలు తినే తిండి.

తార్నాక పాత కాపు | బుధవారం, ఉదయం 8:30

అసలు చిక్కంతా అక్కడే ఉంది బాబాయ్. వెనకటికి ఉలవలు ఉడకబెట్టి గింజలు ఎడ్లకు వేసేవాళ్ళు, ఆ ఉడికిన నీళ్ళు చారు పెట్టుకునేవాళ్ళు. ప్రొటీనూ పీచూ ఎడ్లకి, రుచి మనకి. ఇప్పుడు ఎడ్లు లేవు, గింజలు చెత్తబుట్టకి. హోటల్లో అయితే పైన గరిటెడు మీగడ పోసి ఇస్తారు. ఆ మీగడతో ఎల్‌డీఎల్ ఎటు పోతుందో మాష్టార్ని అడగండి.

కృష్ణాతీరం | బుధవారం, ఉదయం 8:41

మీగడ లేకుండా ఉలవచారా? తార్నాకలో అలా తాగుతారేమో.

వంటింటి పిన్ని | బుధవారం, ఉదయం 10:20

గింజలు పారేయకండి. ఉడికిన ఉలవల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే గుగ్గిళ్ళు. లేదా సగం రుబ్బి ఉండ కట్టకుండా వేపుడులో కలపండి. చిక్కుడు గింజలు దొరికే కాలంలో అవి, తర్వాత బొబ్బర్లు, సెనగలు. రోజూ కందిపప్పే అంటే వారానికే విసుగొస్తుంది.

పెసరట్టుకి పొట్టు పెసలు నానబోస్తే పీచు పప్పుకి దాదాపు రెట్టింపు. పెనం మీద నూనె తిప్పేటప్పుడు మాత్రం చెయ్యి అదుపులో పెట్టుకోండి.

ఫార్మకాలజీ మాష్టారు | బుధవారం, మధ్యాహ్నం 12:00

చిన్న సవరణ. పొట్టులో ఉండేది ఎక్కువగా కరగని పీచు. అది విరేచనం సాఫీగా కావడానికి మంచిది, కొలెస్ట్రాల్ పని కరిగే పీచుది. అయినా పొట్టు పెసలే తినండి, నష్టమేమీ లేదు.

నిర్మల్ బొమ్మ | బుధవారం, రాత్రి 7:25

మీల్ మేకర్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. సోయా నుంచి నూనె తీశాక మిగిలిన పిండితో చేసేవే కదా. మంచివేనా? నాకు థైరాయిడ్ ఉంది, టాబ్లెట్ వేసుకుంటా. సోయా తినకూడదని మా పక్కింటి అక్క చెప్పింది.

ఫార్మకాలజీ మాష్టారు | బుధవారం, రాత్రి 8:50

మంచివే. నూనె తీసేశారు కాబట్టి వందకు యాభై పైన ప్రొటీనే ఉంటుంది. యాభై గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో మనం అనుకున్న 25 గ్రాముల సోయా ప్రొటీన్ వస్తుంది. కానీ రోజూ యాభై గ్రాములంటే పెద్ద గిన్నెడు, ఎవరూ తినలేరు. వారంలో రెండు మూడు సార్లు చికెన్ కూర వండే చోట అవి వేయండి. వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండితే పచ్చి వాసన పోతుంది.

థైరాయిడ్ ఉన్నవాళ్ళు సోయా తినొచ్చు. థైరాక్సిన్ మాత్రతో పాటే తింటేనే ఇబ్బంది, మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. పొద్దున్నే పరగడుపున మాత్ర, సోయా మధ్యాహ్నం. నాలుగు గంటల తేడా ఉంటే చాలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం పప్పులైనా పౌడరైనా డాక్టరు చెప్పిన కొలత దాటకండి.

మియాపూర్ మెట్రో | పదకొండు వారాల తర్వాత, శనివారం, ఉదయం 10:30

ఏమైందో చెబుదామని వచ్చాను. మొన్న మళ్ళీ పరీక్ష చేయించాను, అదే ల్యాబ్‌లో, పరగడుపున. టోటల్ 207, ఎల్‌డీఎల్ 139, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 150. బరువు 81 నుంచి 77.5.

చేసింది ఇదీ. మాంసం పూర్తిగా మానలేదు. చికెన్ వారానికి ఒకరోజు, మటన్ నెలకోసారి. మిగతా రోజుల్లో మధ్యాహ్నం బాక్సులో ఒక కప్పు గుగ్గిళ్ళు, అన్నం ముందు తిన్నదాంట్లో సగం. పప్పు ఇప్పుడు గట్టిగా వండుతోంది మా ఆవిడ, గ్లాసున్నర పోసి. గుడ్డు రోజుకి ఒకటి. సాయంత్రం ఆఫీసు కింద సమోసా బదులు వేయించిన సెనగలు. బీరు గురించి మాట్లాడను, తగ్గిందని మాత్రం రాయమంది. మొదటి రెండు వారాలు గ్యాస్‌తో మీటింగుల్లో నరకం చూశాను, ఆ ముక్క ముందే ఎవరూ చెప్పలేదు. గుగ్గిళ్ళు అరకప్పుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాల్సిందట.

పొట్టేలు పార్టీ | శనివారం, ఉదయం 11:00

23 పాయింట్లు! అయితే పప్పు గెలిచినట్టే. నేను ఒప్పుకుంటున్నా.

ఫార్మకాలజీ మాష్టారు | శనివారం, ఉదయం 11:40

శుభం. కానీ ఆ 23 పాయింట్లూ పప్పు ఖాతాలో వేయకండి. మూడున్నర కిలోల బరువు తగ్గింది, సమోసా పోయింది, అన్నం సగమైంది, ఇంకొకటి కూడా తగ్గింది. ఇవన్నీ తలా కొంత లాగాయి. ఒకే మనిషికి వారం తేడాతో రెండుసార్లు పరీక్ష చేసినా అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. 139తో మందు కావాలా వద్దా అన్నది మీ డాక్టరు మిగతావన్నీ చూసి చెబుతారు. వేసుకోమంటే వేసుకోండి, పప్పు ఓడిపోయినట్టు కాదు.

పెసరట్టు ప్రియ | శనివారం, మధ్యాహ్నం 2:15

మాష్టారూ, మీరు కోప్పడ్డాక వెళ్ళాను. స్టాటిన్ మొదలుపెట్టారు. మా తమ్ముడికి పరీక్ష చేస్తే వాడికి 204. వాడికి 34 ఏళ్ళు, జిమ్‌కి వెళ్తాడు, చూస్తే ఏమీ లేనట్టే ఉంటాడు. మీకు చాలా థాంక్స్ అండీ.

వంటింటి పిన్ని | శనివారం, మధ్యాహ్నం 2:40

తమ్ముడి సంగతి తెలియడం ఎంతో మేలైంది తల్లీ. మెట్రో నాయనా, ఆ ప్రొటీన్ డబ్బా ఏమైంది?

మియాపూర్ మెట్రో | శనివారం, సాయంత్రం 4:05

మూత తీయలేదు పిన్నీ. మొన్న బావమరిదికి చెకప్‌లో 171 వచ్చింది. వాడే వచ్చి డబ్బా పట్టుకుపోయాడు. ఈ థ్రెడ్ లింక్ పంపాను, చదివాడో లేదో తెలియదు. "ఉలవలు ఎన్ని గంటలు నానబెట్టాలి బావా?" అని మాత్రం మెసేజ్ పెట్టాడు.

వంటింటి పిన్ని | శనివారం, సాయంత్రం 4:20

రాత్రంతా నానాలని చెప్పు. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి కుక్కర్లో ఏడెనిమిది విజిల్స్ రానివ్వమను. ఉప్పు ఉడికాక వేయాలి.